సముద్రపు ఒడ్డున ఖరీదైన రిసార్టు: డబ్బు కట్టే ముందు వేసుకోవలసిన లెక్క

విశాఖపట్నంలో ఆర్కే బీచ్ దగ్గర మొదలై భీమిలి దాకా సుమారు 30 కిలోమీటర్లు సాగే తీరపు రోడ్డు మీద రెండు వేల లోపు అద్దెకు గది ఇచ్చే లాడ్జీలూ ఉన్నాయి, దానికి ఎన్నో రెట్లు తీసుకునే రిసార్టులూ ఉన్నాయి. అన్నిటి ముందూ ఉన్నది ఒకే బంగాళాఖాతం. సూర్యోదయానికి అద్దె లేదు, అలల చప్పుడుకు బిల్లు లేదు. సముద్రం ఉచితమే గనక, ఆ ఎక్కువ డబ్బు దేనికి పెడుతున్నామో ముందుగా తేల్చుకోవాలి. నా లెక్కలో అది మూడింటికి: గది గడప దాటితే కొద్ది అడుగుల్లోనే ఇసుక ఉండడం, చుట్టూ జనం రద్దీ లేకపోవడం, వంటా శుభ్రం వంటి పనులేవీ మన నెత్తిన లేని కొన్ని గంటల తీరిక దొరకడం. ఈ మూడింటినీ నిజంగా వాడుకునేలా ప్రయాణం కుదిరితే ఆ ధర సబబే. కుదరకపోతే నిద్రపోవడానికి మాత్రమే అంత డబ్బు పోసినట్టవుతుంది. ఏది జరగబోతోందో బుకింగ్‌కు ముందే తెలుసుకోవడం సాధ్యమే. నేను ఎక్కువ సార్లు వెళ్ళింది విశాఖ, భీమిలి తీరానికే గనక ఉదాహరణలు చాలావరకు అక్కడివే ఇస్తాను.

మొదట గంటలు లెక్కపెట్టండి

రిసార్టులు సాధారణంగా మధ్యాహ్నం 2 గంటలకు గది ఇచ్చి, ఖాళీ చేసే రోజు ఉదయం 11కు తిరిగి తీసుకుంటాయి. అంటే ఒక రాత్రి బస అంటే 24 గంటలు కాదు, 21 గంటలు. అందులో 8 గంటలు నిద్రకు తీసేస్తే మెలకువగా ఉండేది 13 గంటలు. గది అద్దె 12,000 రూపాయలు అనుకుంటే 18 శాతం జీఎస్‌టీతో 14,160 అవుతుంది. 13తో భాగిస్తే గంటకు దాదాపు 1,090 రూపాయలు. ఇప్పుడు ఆ 13 గంటల్లో మీరు రిసార్టు ఆవరణలో ఎంతసేపు ఉంటారో నిజాయతీగా రాసుకోండి. కైలాసగిరి, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, సింహాచలం దర్శనం, పెద్దమ్మాయి వాళ్ళింట్లో భోజనం అంటూ 8 గంటలు బయటే గడిపితే మిగిలేది 5 గంటలు. గంట ఖరీదు 2,830 దాటుతుంది. బొర్రా గుహలు, అరకు కూడా అదే ప్రయాణంలో పెట్టుకుంటే ఇక చెప్పనక్కరలేదు; విశాఖ నుంచి అరకు వంద కిలోమీటర్లకు పైనే, ఘాట్ రోడ్డు మీద వెళ్ళి రావడానికే రోజంతా పోతుంది. ఊరు చూడడానికి వెళ్ళేవారికి శుభ్రమైన నగరపు హోటలే సరైనది. ఇది పిసినారితనంతో చెబుతున్న మాట కాదు. వాడని గదికి కట్టిన డబ్బు ఎవరికీ సుఖం ఇవ్వదు.

ఒక రాత్రికి, రెండు రాత్రులకు తేడా చాలా పెద్దది. ఒక రాత్రి బసలో వచ్చిన హడావిడి, వెళ్ళే హడావిడి తప్ప మధ్యలో ఏమీ ఉండదు. రెండు రాత్రులైతే వచ్చే పనీ, వెళ్ళే పనీ లేని ఒక నిండు రోజు మధ్యలో దొరుకుతుంది. రిసార్టు ఇవ్వగలిగిన తీరికంతా ఆ మధ్య రోజులోనే ఉంటుంది. అందుకే బడ్జెట్ ఒక రాత్రికే సరిపోతుందంటే, ఒక మెట్టు తక్కువ రిసార్టులో రెండు రాత్రులు ఉండమనే నేను సలహా ఇస్తాను.

రైలు వేళలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. హైదరాబాద్ నుంచి సాయంత్రం బయలుదేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున విశాఖలో దింపుతుంది. గది చేతికి వచ్చేది మధ్యాహ్నం కాబట్టి మధ్యలో ఏడెనిమిది గంటలు పిల్లలతో, సామానుతో ఎక్కడ గడపాలో ముందే అనుకోవాలి. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఎక్కే వందే భారత్ విశాఖ చేరేసరికి అర్ధరాత్రి కావస్తుంది. ఆ రాత్రికి రిసార్టు బుక్ చేస్తే ఒక పూర్తి రోజు అద్దెకు వచ్చేది నిద్ర మాత్రమే. ఆ రాత్రి స్టేషన్ దగ్గర మామూలు గదిలో పడుకుని, మర్నాడు నింపాదిగా రిసార్టుకు వెళ్ళడం మేలు. గోదావరిలో వచ్చేవారు మాత్రం ఫోన్ చేసి, గది ముందుగా ఇవ్వగలరా, ఇస్తే అదనంగా ఎంత అని అడగాలి. వారం మధ్యలో ఖాళీ ఉంటే చాలా చోట్ల ఊరికే ఇస్తారు.

కనిపించే సముద్రం, అందే సముద్రం

కొన్నేళ్ళ కిందట నేను ఒక చోట ‘పార్షియల్ సీ వ్యూ’ అన్న గది తీసుకున్నాను. బాల్కనీలో ఎడమ మూలకు వెళ్ళి, గ్రిల్ పట్టుకుని మెడ బయటికి చాస్తే రెండు భవనాల మధ్య బెత్తెడు నీలం కనిపించింది. మిగతా బాల్కనీ అంతా జనరేటర్ గది వైపు తిరిగి ఉంది. దానికీ, వెనక వైపు గదికీ రాత్రికి రెండు వేలకు పైగా తేడా కట్టాను. అప్పటి నుంచి గది పేరు చూసి ఎన్నడూ నిర్ణయించుకోలేదు. ‘సీ ఫేసింగ్’ అంటే మంచం మీద కూర్చుంటే నీళ్ళు కనిపిస్తాయా, ఎన్నో అంతస్తు, ముందు చెట్లు గానీ వేరే కట్టడం గానీ అడ్డం ఉన్నాయా అని మూడు ప్రశ్నలు ఫోన్‌లోనే అడుగుతాను. వీలైతే ఆ గదిలోంచే తీసిన ఫొటో వాట్సాప్‌లో పంపమంటాను. కాదనకుండా పంపేవారి మీద నమ్మకం కుదురుతుంది.

కనిపించడం ఒకటి, అందడం మరొకటి. విశాఖ నగరంలో బీచ్ రోడ్డు మీది హోటళ్ళలో చాలావాటికి, ఇసుకకు మధ్య వాహనాలు తిరిగే రోడ్డు ఉంది. అలలు కిటికీలోంచి ఎంత బాగా కనిపించినా, చిన్నపిల్లలు తువ్వాలు భుజాన వేసుకుని పరుగెత్తుకుంటూ వెళ్ళే వీలు ఉండదు. రోడ్డు దాటకుండానే ఇసుక తగలాలంటే రుషికొండ దాటి భీమిలి వైపు వెతకాలి, అప్పుడు కూడా మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి రిసార్టు గోడకూ నీటి అంచుకూ మధ్య ఏముందో కళ్ళతో చూసుకోవాలి. ఈ దగ్గరతనానికీ విలాసానికీ సంబంధం లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోదగినది. బాపట్ల దగ్గరి సూర్యలంకలో పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు ఇసుకను ఆనుకునే ఉంది. మీకు కావలసింది సముద్రపు చప్పుడు మధ్య నిద్ర మాత్రమే అయితే అలాంటి చోట తక్కువ ధరకే తీరిపోతుంది. ఇక కోనసీమలోని దిండిని తీర ప్రాంతపు రిసార్టు అనుకుని బుక్ చేసేవారు ఉన్నారు. అది గోదావరి పాయ ఒడ్డున కొబ్బరితోటల మధ్య ఉన్న అందమైన చోటు, కానీ అక్కడ అలలు ఉండవు.

‘ప్రైవేట్ బీచ్’ అన్న మాటను కూడా తరచి చూడాలి. మన దేశంలో ఆటుపోట్ల మధ్య తడిసే ఇసుకను రిసార్టు కొనుక్కోలేదు. ఆ పేరుతో వారు ఇచ్చేది తమ ఆవరణలోంచి నేరుగా దారి, కుర్చీలు, కాపలా మనిషి. ఆ కాపలా మనిషి విలువైనవాడే, కానీ అక్కడ చుట్టుపక్కల ఊళ్ళవారు నడిచారని ఫిర్యాదు చేసే హక్కు మనకు లేదు. నిజానికి వారు ఉండడం మన అదృష్టం.

ఆ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలి. ఒకసారి మా అమ్మను భీమిలి దగ్గర రెండు రాత్రులు ఉంచాను. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఇసుకలో పట్టుమని పది అడుగులు నడవలేకపోయింది, ఇంత ఖర్చు అనవసరమని మొదటి సాయంత్రమంతా నొచ్చుకుంది. రెండో రోజు తెల్లవారుజామున తలుపు చప్పుడుకు మెలకువ వచ్చి చూస్తే, శాలువా కప్పుకుని బాల్కనీలో కూర్చుని ఉంది. కింద జాలరులు అలివి వల లాగుతున్నారు. రెండు తాళ్ళు, ఒక్కో తాడుకు పదిమందికి పైగా మనుషులు. నడుము వెనక్కి వాల్చి, మడమలు ఇసుకలో దిగేసి, ఒకరి పాటకు అందరూ అడుగు కలుపుతూ లాగుతున్నారు. వెనక ఒక కుర్రవాడు వచ్చిన తాడును వచ్చినట్టే చుట్ట చుడుతున్నాడు. వల సంచి ఒడ్డుకు చేరడానికి గంటకు పైగానే పట్టింది. కవళ్ళు, నెత్తళ్ళు తళతళలాడుతూ ఇసుక మీద పడేదాకా అమ్మ కాఫీ కూడా అడగలేదు. నడవలేని మనిషికి సముద్రాన్ని కుర్చీ దగ్గరికి తీసుకురావడం లాడ్జి గదికి సాధ్యం కాదు. పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో నేను ఆ ధరను మారు మాట్లాడకుండా కడతాను, అయితే లిఫ్టు ఉందా, గది నుంచి భోజనశాలకు మెట్లు ఎన్ని, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా అన్నవి ముందే కనుక్కుని.

తూర్పు తీరానికి తగిన వేళలు

మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, అస్తమించేది కొండల వెనక. సూర్యాస్తమయపు ఫొటోలు చూసి ఉత్సాహపడేవారికి గోవా గానీ కేరళ తీరం గానీ తగినవి. విశాఖలో సముద్రపు వైభవం ఉదయానిది. మే, జూన్ నెలల్లో 5:30 లోపే, జనవరిలో 6:30 ప్రాంతంలో తెల్లవారుతుంది. తొమ్మిదింటికి లేచి టిఫిన్‌కు పరుగెత్తే కుటుంబం సముద్రం వైపు గదికి ఎక్కువ కట్టడంలో అర్థం తక్కువ. ఆ గదుల్లో ఉదయపు ఎండ నేరుగా అద్దాల మీద పడుతుంది, వేసవిలో తెర లాగక తప్పదు. మధ్యాహ్నం తరువాత బాల్కనీకి నీడ వచ్చి, సముద్రపు గాలి కూడా తోడై కూర్చోవడానికి హాయిగా ఉంటుంది.

తూర్పు తీరానికే దక్కిన మరొక భాగ్యం పౌర్ణమి. నిండు చంద్రుడు సూర్యాస్తమయ వేళకే తూర్పున లేస్తాడు కాబట్టి, ఇటు వెలుగు పోతుండగానే అటు నీళ్ళలోంచి రాగి పళ్ళెంలా పైకి వస్తాడు. బసకు తేదీలు ఎంచుకునే స్వేచ్ఛ ఉంటే పంచాంగం చూసి పౌర్ణమికి ఒక రోజు అటూ ఇటూగా పెట్టుకోండి. కార్తీక పౌర్ణమికి మాత్రం సముద్ర స్నానాలకు జనం వేలాదిగా వస్తారు. ఆ భక్తి సందడి కావలసినవారికి అది పండుగే, ఏకాంతం కోరేవారు మరో నెల చూసుకోవాలి.

అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో తుఫానుల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా కుదిపిందో ఆ ఊరివారు ఇప్పటికీ చెబుతారు. ఆ నెలల్లో బుక్ చేస్తే, తుఫాను హెచ్చరిక వస్తే డబ్బు తిరిగి ఇస్తారా, తేదీ మాత్రమే మారుస్తారా అన్నది రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవాలి. చౌక ధర కోసం ‘నాన్ రిఫండబుల్’ ఎంచుకోవలసిన నెలలు అవి కావు. నా వరకు డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా ఈ తీరానికి తగిన కాలం, సెలవుల వారం తప్పించుకోగలిగితే. ఆ శీతకాలం చివరి భాగంలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుక మీదికి వస్తాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురు చూసి దారి తప్పుతాయి గనక, రాత్రి సముద్రం వైపు దీపాలు తగ్గించే రిసార్టు అయితే నా దృష్టిలో దానికి ఒక మార్కు ఎక్కువ.

నీళ్ళలో దిగడం గురించి

అందరికన్నా ఎక్కువగా ఆశపడి, అందరికన్నా తక్కువగా ఆలోచించేది ఇక్కడే. విశాఖ తీరంలో చాలా చోట్ల ఒడ్డు నుంచి కొద్ది అడుగుల్లోనే లోతు పెరుగుతుంది, ఒడ్డుకు వచ్చిన నీరు ఇరుకు పాయగా లోపలికి బలంగా లాగుతుంది. ఈత వచ్చినవారు కూడా దానికి ఎదురీది అలసిపోయి మునుగుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురుగా కాకుండా ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఎంత ఖరీదైన రిసార్టు అయినా తన ముందున్న నీటిని మార్చలేదు. మార్చగలిగేది కాపలాను. కాబట్టి అడగవలసిన ప్రశ్న: మీ ఎదుటి ఒడ్డున లైఫ్‌గార్డు ఉంటారా, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా? లేరని చెబితే, ఆ సముద్రం చూడడానికే అనుకుని, పిల్లల ఈత సరదాకు ఈత కొలను ఎంత పెద్దది, చిన్నపిల్లలకు వేరే కొలను ఉందా అని చూసుకోవాలి. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి శుభ్రత, భద్రత వంటి 33 ప్రమాణాలతో ఇచ్చే ఆ గుర్తింపును ఏటా పునరుద్ధరించుకోవాలి కాబట్టి, మీరు వెళ్ళే నాటికి అమలులో ఉందో లేదో చూడాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ తీరం వారీగా అలల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు ప్రకటిస్తుంది. బయలుదేరే ముందు రోజు ఒకసారి చూడడం మంచి అలవాటు. గోవాలో వానాకాలపు రిసార్టు ధరలు బాగా తగ్గడానికి ఒక కారణం, ఆ నెలల్లో సముద్రం పోటెత్తి ఈతకు పనికిరాకపోవడమే.

బిల్లులో చివరి అంకె

వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే అద్దె వేరు, చివరికి కట్టేది వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గది మీద జీఎస్‌టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ఈ గీతకు అటూ ఇటూ ఏం జరుగుతుందో చూడండి. 7,500 గదికి పన్నుతో 7,875 అవుతుంది. 7,600 గదికి 8,968 అవుతుంది. వంద రూపాయల అద్దె తేడాకు మీ జేబులోంచి 1,093 పోతుంది. ఎనిమిది వేల ప్రాంతంలో ఉన్న గది ఆదివారం నుంచి గురువారం మధ్యలో 7,500 లోపుకు దిగుతుందేమో అడగడం అందుకే లాభం.

భోజనం మీద కూడా ఇదే జరుగుతుంది. కిందటి ఆర్థిక సంవత్సరంలో ఏ గదినైనా 7,500 పైన ఇచ్చిన హోటల్ ఆవరణలోని రెస్టారెంటు బిల్లుకు 18 శాతం పన్ను పడుతుంది, బయటి మామూలు రెస్టారెంటులో 5 శాతమే. నాలుగు వేల రాత్రి భోజనానికి 720కీ 200కీ ఉన్న తేడా అది. అందువల్ల భోజన పథకం చూసి తీసుకోవాలి: హోటలువారి భాషలో ఈపీ అంటే గది మాత్రమే, సీపీ అంటే టిఫిన్‌తో, ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం, ఏపీ అంటే మూడు పూటలూ. నగరం మధ్యలో సీపీ చాలు, నాలుగు అడుగులు వేస్తే మంచి భోజనం దొరుకుతుంది. ఊరికి దూరంగా ఉన్న రిసార్టులో చీకటి పడ్డాక బయటికి వెళ్ళే వీలు తక్కువ, అక్కడ ఎంఏపీ ధర అడిగి పోల్చుకోవాలి. చేపల మీద ఆశతో వెళ్ళేవారు ఒకటి గమనించాలి: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో కోనెం, చందువ తాజాగా దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ.

రెస్టారెంటు బిల్లులో సర్వీస్ చార్జీ కలిపితే దాన్ని తీసేయమని అడగవచ్చు. దాన్ని తప్పనిసరిగా వసూలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. నేను ఆ చార్జీ తీయించి, గది శుభ్రం చేసిన అమ్మాయి చేతికి ఇస్తాను.

‘లగ్జరీ’ అన్న మాటకు చట్టంలో కొలత లేదు. కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే నక్షత్రాల వర్గీకరణ కూడా హోటళ్ళు తమంత తాము కోరి తీసుకునేదే. సముద్రపు ఒడ్డున అసలైన పరీక్ష పెట్టేది ఉప్పుగాలి. అది బాల్కనీ తలుపు గడియను తింటుంది, ఏసీ బయటి పెట్టెను తింటుంది, అద్దాల మీద తెల్లటి పొర కడుతుంది. ఇనుము అనేది ఉన్న ప్రతి చోటా ఏడాది పొడవునా మనుషులను పెట్టి తుడిపించి, రంగులు వేయించి, మార్పించే యాజమాన్యమే మీ డబ్బుకు న్యాయం చేస్తుంది. అందుకే రిసార్టు పెట్టిన ఫొటోలను వదిలి, ఆరు నెలల లోపు బస చేసినవారు తీసిన ఫొటోల్లో కుళాయిలు, గడియలు, కిటికీ చట్రాలు వెతికి చూస్తాను. మెరిసే లాబీ వెనక తుప్పు పట్టిన గ్రిల్ కనిపిస్తే అక్కడితో ఆపేస్తాను.

గది చేతికి వచ్చాక సంచులు విప్పకముందే ఐదు నిమిషాలు కేటాయించండి. ఏసీ వేసి చప్పుడు వినండి, వేడినీళ్ళు తిప్పండి, పరుపు అంచు ఎత్తి చెమ్మ వాసన చూడండి, బాల్కనీ తలుపు లోపలి నుంచి గట్టిగా పడుతుందా, పిల్లలు తీయలేనంత ఎత్తులో గడియ ఉందా చూడండి. లోపం ఉంటే అప్పుడే రిసెప్షన్‌కు మర్యాదగా చెప్పి గది మార్చమనాలి. బట్టలు సర్దుకున్నాక చెబితే వారికీ మీకూ ఇబ్బంది. అదే సమయంలో, ఖాళీ చేసే రోజు 11 దాటాక సామాను ఎక్కడ ఉంచవచ్చు, ఈత కొలను వాడుకోవచ్చా, రైలుకు ముందు స్నానానికి గది ఇస్తారా అని అడిగి పెట్టుకోండి. సాయంత్రపు రైలు ఉన్నవారికి ఆ ఒక్క సౌకర్యంతో మరో నాలుగైదు గంటలు సముద్రం దగ్గర మిగులుతాయి.